నడుము దాకా నీలం

తిత్లీ తుఫానుకి వంశధార గట్టు దాటి ఊళ్ళోకి వచ్చిన ఏడు మా వైపు అందరికీ గుర్తే. ఆ వరద వెళ్ళిన ఆరో ఏట, వరి కోతలయ్యి కుప్పలు నూర్పుకి ఎదురుచూస్తున్న రోజుల్లో, అప్పలసూరి తన కోడలు ముచ్చటపడి రంగేసుకున్న గదికి సున్నం కొట్టేశాడు. ఆ సున్నం మీదే కోడలూ, కడుపులో బిడ్డా ఇల్లు దాటిపోయేంత పని జరిగింది.

అప్పలసూరిది నరసన్నపేటకి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న పల్లె. మాట తక్కువ మనిషి. భార్య జగ్గమ్మ బతికున్నన్నాళ్ళూ ఆయన మాట్లాడవలసినవి కూడా ఆవిడే మాట్లాడేది. ఆవిడ పోయాక ఇంట్లో ఆ కాస్త మాటా లేదు. కొడుకు మోహనకృష్ణ ఓడల్లో ఫిట్టరు. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ళ మీదే ఉంటాడు. బ్రెజిల్‌లో ఓడ ఆగే ఊరొకటి ఉందట, అక్కడ జాందిరా అనే అమ్మాయిని చూసుకుని, అక్కడే పెళ్ళి చేసుకుని, ఆ ఏడు శ్రావణంలో ఇంటికి తీసుకొచ్చాడు. అప్పటికే ఆ అమ్మాయికి నాలుగో నెల.

ఓడ పిలుపు వచ్చి వెళ్ళిపోతూ కొడుకు తండ్రితో ఒక్కటే మాట చెప్పాడు.

"నాన్నా, ఈ పాలి పురుడు మనింట్లో అయిపోవాల. అక్కడ నాను లేనప్పుడు అది ఒక్కత్తీ ఉండలేదు. నువ్వు కనిపెట్టుకో."

అప్పలసూరి తలూపాడు. 'ఈ పాలి', అంటే ఈసారి, అన్న మాట అప్పుడాయన చెవిన పడలేదు.

జాందిరా రంగు మనూరి ఆడపిల్లల రంగే. జుట్టు ఉంగరాలు. నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది. తెలుగు మొగుడి దగ్గర నేర్చింది కాబట్టి మన యాసే వచ్చింది, సగం సగం. మామగారిని "మావా" అని పిలిచేది. ఆయన అప్పగారు దాలమ్మ, పక్కవీధి మనిషి, రోజూ పొద్దున్నే వచ్చి కోడలికి గంజీ, కూరా చూసేది. దాలమ్మకి ఆ పేరు నోరు తిరగక 'సెంద్రమ్మ' అని పెట్టుకుంది.

వచ్చిన పది రోజులకే ఆ అమ్మాయి నడవ గోడ నిండా ఫొటోలు తగిలించింది. అంతకుముందు ఆ గోడకి ఎక్కినవి మూడే: అప్పలసూరి తండ్రి, తల్లి, జగ్గమ్మ. ముగ్గురికీ బొట్టు, ముగ్గురికీ దండ. వాళ్ళ పక్కనే ఇప్పుడు ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, ఒక కుక్క.

దాలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఓలమ్మ ఓలమ్మ! ఇంతమంది పోనారా! నీకెవుల్లూ మిగల్లేదేటే, సెంద్రమ్మా?"

"పోలేదు అత్తా. అందరూ ఉన్నారు. ఇది అమ్మ. ఇది తమ్ముడు. రొట్టెల కొట్టు ఉంది."

"ఉన్నోల్లని గోడకెక్కించడమేటే? ఈ కుక్క కూడా ఉన్నాదా?"

"కుక్క పోయింది," అంది జాందిరా, కాస్త దిగులుగా.

"అద్గదీ. దానికొక్కదానికీ ఎయ్యి దండ," అంది దాలమ్మ. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పలసూరి కూడా మీసం కింద నవ్వుకున్నాడు. ఫొటోలు ఉండిపోయాయి. అంతవరకూ బాగానే ఉంది.

ఆరో నెల నడుస్తుండగా ఆ అమ్మాయి విత్తనాల గది అడిగింది. నడవకి ఎడం పక్క చిన్న గది, తూర్పు కిటికీ. విత్తనం బస్తాలుండేవి. ఎందుకని అడగకుండా అప్పలసూరి బస్తాలు పెరటి సావిట్లోకి మార్చాడు. మర్నాడు నరసన్నపేట నుంచి రంగు డబ్బాలు దిగాయి. గోడలకి పైన లేత పసుపు, కింద నీలం. తానే కుర్చీ వేసుకుని వేసింది. పురికొస కట్టి, తన నడుమెత్తున గీత గీసి, ఆ గీత దాటకుండా నీలం.

"ఇది సముద్రం మావా," అంది బుగ్గ మీద రంగుతో. "బిడ్డ దీంట్లో ఆడాల. మునగకూడదు. అందుకు నడుం వరకే."

అట్టముక్కలు చేపలుగా కత్తిరించి, రంగులేసి, దారాలు కట్టి దూలానికి వేలాడదీసింది. ఆ తర్వాత ఫోనులో బొమ్మ చూపించి, వడ్రంగి నరసింగరావు చేత టేకు ఉయ్యాల చేయించింది. మన తాళ్ళ ఉయ్యాల కాదు. నాలుగు పక్కలా కటకటాలు, కింద వంపు కాళ్ళు, నేల మీద నిలబడి ఊగేది.

నరసింగరావు దాన్ని తెచ్చి దింపుతూ, "ఏటి బావా ఇది, మేకపిల్లల దొడ్డిలాగున్నాది," అన్నాడు.

అప్పలసూరి ఆ మాటకి నవ్వలేదు. ఉయ్యాల గడప దాటుతున్నప్పుడే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

మన ఇళ్ళలో బిడ్డ పుట్టకముందు గుడ్డపీలిక కూడా కొనరు. పాత చీర చింపి దాచుకుంటారు తప్ప కొత్తది ఇంట్లోకి రానివ్వరు. ఉయ్యాల సంగతి మరీ. దాలమ్మ ఆ రోజు మెత్తగానే చెప్పింది.

"సెంద్రమ్మా, ఉయ్యాలంటే పురుడెల్లి, ఇరవై ఒకటో నాడు ఎయ్యాల. ముందు సన్నికల్లు పొత్రం కడిగి, బొట్టెట్టి, గుడ్డ సుట్టి దాన్ని పడుకోబెడతాం. రాయిలాగ గట్టిగుండాలని. దాని ఎనకాల సంటిది. ఖాలీది ఊగకూడదు."

"రాయి! బిడ్డ కన్నా ముందు రాయి!" జాందిరా నవ్వింది. "సరే అత్తా. ఆ రోజు రాయి వేద్దాం. ఇప్పుడు గది. మా ఊరిలో బిడ్డ వచ్చే ముందే గది ఉండాల. గది లేకుంటే బిడ్డకి తెలుస్తాది, నాకోసం ఎవరూ సూడలేదు అని."

"గదెందుకే? సంటిది నీ పక్కలో కదా పడుకుంటాది?"

"కాదు. ఇక్కడ. తన గదిలో."

"పసిగుడ్డు ఒక్కత్తీ? తలుపేసీసి?" దాలమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే సూరీ, నువ్వైనా సెప్పవేటిరా?"

అప్పలసూరి చెప్పలేదు. ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ చెడ్డమాట పైకి అనాలి. కడుపుతో ఉన్నదాని ముందు అది అనకూడదు. అనకుండా చెప్పడం జగ్గమ్మకి వచ్చు, ఆయనకి రాదు.

జగ్గమ్మ తొలిచూలప్పుడు అప్పలసూరి తండ్రి సంబరం పట్టలేక ఎనిమిదో నెలలోనే పేట సంతలో ఉయ్యాల కొని, తలమీద పెట్టుకుని మోసుకొచ్చాడు. మోహనకృష్ణకి ముందటి బిడ్డ. పుట్టింది గాని ఏడవలేదు. పదకొండో నాడు జగ్గమ్మ మంచం దిగి, మామగారి కళ్ళముందే ఆ ఉయ్యాలని గొడ్డలితో చీల్చి నీళ్ళపొయ్యిలో పెట్టింది. ఆ తర్వాత అది ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. ఫొటోలో బొట్టూ దండతో ఉన్న తండ్రి వంక అప్పలసూరి ఇప్పుడు రోజూ చూస్తున్నాడు.

ఏడో నెల వచ్చేసరికి జాందిరా కాళ్ళు పొంగాయి. ఒక పొద్దున్న కళ్ళు బైర్లు కమ్మి నడవలోనే కూలబడింది. ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్ళారు. బీపీ బాగా ఎక్కువగా ఉందని, కొన్నాళ్ళు ఉంచి చూడాలని అన్నారు ఆసుపత్రిలో. దాలమ్మ తోడు ఉండిపోయింది. బట్టలు తేవడానికి అప్పలసూరి ఒక్కడూ ఇంటికొచ్చాడు.

మధ్యాహ్నం. ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. బట్టల కోసం వెళుతూ ఆ గదిలోకి తొంగి చూశాడు. ఉయ్యాల ఊగుతోంది.

ఎవరూ లేరు. కిటికీ మీద నుంచి పిల్లి ఒకటి దూకిపోయింది. అంతసేపూ అది అందులో పడుకుని, అలికిడికి లేచినట్టుంది. పిల్లే అని ఆయనకీ తెలుసు. తెలిసినా ఆగలేకపోయాడు. వెళ్ళి రెండు చేతులా కటకటాలు పట్టుకుని ఆపాడు. వదిలితే మళ్ళీ ఊగుతుందేమోనని చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత నరసింగరావుకి కబురుపెట్టాడు.

"విప్పీ," అన్నాడు.

నరసింగరావు నమ్మలేనట్టు చూశాడు. "ఇంతపాటి పని, బావా. మేకు లేకుండా బిగించినాను. ఆ పిల్లని అడిగినావా?"

"అడిగే ఇసయమా ఇది?"

"అడగని ఇసయమూ కాదు కదా," అని గొణిగి, ఆ మనిషి విప్పాడు. ముక్కలు పశువులశాల అటక మీదికి వెళ్ళాయి. చేపల్ని అప్పలసూరి తానే తెంపి, నీళ్ళపొయ్యిలో పెట్టాడు. రంగుల అట్ట పచ్చగా మండింది. సావిట్లో పండక్కని నానబెట్టిన సున్నం ఉంది. రెండు పూతలు కొట్టాడు. సముద్రం పోయింది. గది తెల్లగా, బోసిగా, ముందు ఎలా ఉండేదో అలా అయిపోయింది. ఆ రాత్రి ఆయనకి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

మూడో నాటికి బీపీ దిగిందని, బిడ్డ బాగానే ఉందని, మందులు వాడుతూ కదలకుండా ఉంటే చాలని చెప్పి పంపేశారు. మర్నాడే బట్టలు తీసుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళిన అప్పలసూరి, ఆ మాట వినగానే అరసవల్లి వెళ్ళి స్వామికి దండం పెట్టుకుని వచ్చి, వాళ్ళని తీసుకుని బయల్దేరాడు. తీసేశాను కాబట్టే నిలబడింది అనుకున్నాడు. మనసులో కొంచెం గర్వం కూడా పడ్డాడు.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగా ఇంటికి చేరారు. ఆటో దిగి, దాలమ్మ భుజం పట్టుకుని, మెల్లగా నడుస్తూ జాందిరా నేరుగా ఆ గదికే వెళ్ళింది. వాకిలి తోసింది.

అరుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాడు అప్పలసూరి. ఏమీ లేదు. గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. రెండు చేతులూ పొట్టకి గట్టిగా ఒత్తుకుంది.

"ఎప్పుడు తెలిసింది?" అంది.

"ఏటే, తల్లీ?" దాలమ్మ కంగారుపడింది.

"డాక్టరు మీకు సెప్పాడు. నాకు సెప్పలేదు. నా బిడ్డ పోయింది. మీ అందరికీ తెలుసు."

"సీసీ! ఏటా మాటలు! బాగుందని నీ ముందలే కదేటి సెప్పినాడు?"

"అబద్ధం. గది సూడు." తెల్లగోడ వంక వేలు చూపించింది. "కదలడం లేదు. సూడు అత్తా, కదలడం లేదు."

ఆటో కుదుపులకి కడుపులో బిడ్డ నిద్రపోయి ఉంటుంది. ఆ మాట ఎంత చెప్పినా వినలేదు. మందు బిళ్ళ ఇస్తే విసిరికొట్టింది. మంచినీళ్ళు ముట్టలేదు. ఆసుపత్రికి మళ్ళీ వెళదామంటే మీరంతా ఒక్కటే అంది. అప్పలసూరి నడవలో స్తంభంలా నిలబడి ఉన్నాడు. గది పోతే బిడ్డ పోయిందనుకోవడమేమిటో ఆయనకి అర్థం కాలేదు. బిడ్డ కోసమేగా తీసింది!

కొడుక్కి ఫోను కలవలేదు. ఓడ ఏ నీళ్ళ మీద ఉందో. కబురు వదిలిపెడితే దీపాలు పెట్టే వేళకి వాడే చేశాడు. అప్పలసూరి జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"నాన్నా, ఏం పని సేసినావు," అన్నాడు మోహనకృష్ణ. "దీనికి ముందొకటి పోయినాది, నాన్నా. నీకు సెప్పలేదు. ఆల ఊర్లో. అప్పుడూ నాను ఓడ మీదే. అప్పుడూ ఇలాగే గది సేసుకుంది. ఆస్పత్రిలో ఉండగా బిడ్డ పోతే, దానికి మత్తిచ్చి ఉంచి, ఆలమ్మా తమ్ముడూ ఇంటికెల్లి ఉయ్యాల తీసీసి, గోడలకి తెల్లరంగేసీసినారు. ఇంటికొచ్చినాక సూసి బాధపడకూడదనీసి. ఆల్లలో అలాగే సేస్తారట. దానికి ఎవులూ నోటితో సెప్పలేదు, నాన్నా. గది సూసే తెలుసుకుంది."

అప్పలసూరికి చెవిలో ఫోను బరువైపోయింది. 'ఈ పాలి' అన్న మాట అప్పుడు వినిపించింది, ఇన్ని నెలల తర్వాత.

"ఎల్లి సెప్పు నాన్నా. నువ్వెందుకు తీసినావో సెప్పు."

"నాకు మాటలు రావురా."

"వచ్చినన్ని సెప్పు."

వెళ్ళాడు. కోడలు పడుకునే గది తలుపు వేసి ఉంది. గడప బయట నేల మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు, రెండు మూడు సార్లు.

"అమ్మీ. మీ అత్తకి తొలిచూలప్పుడు మా బాబు ఉయ్యాల ముందే తెచ్చినాడు. ఆ బిడ్డ దక్కలేదు. నాకు బయమేసినాది. అందుకు తీసినాను."

ముప్పై ఏళ్ళు దాటింది ఆ మాట నోటితో అనక. దాలమ్మ తలుపు తెరుచుకుని బయటికొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ మెల్లగా చెప్పింది. "కదిలినాదిరా. ఇందాకే కాలెట్టి తన్నినాది. నా సెయ్యట్టి సూపించినాది. బిల్ల ఏసుకుంది."

అప్పలసూరి కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకున్నాడు.

"అయినా పోతానంటన్నాదిరా," అంది దాలమ్మ. "ఫోనులో కారు మాటాడీసింది. పొద్దున్నే ఇశాపట్నం. అక్కడి నుంచి ఇమానం. ఆలమ్మ కాడికట."

తలుపు సందులోంచి జాందిరా కనిపించింది. పెట్టె సర్దుతోంది. నడవ గోడ మీది ఫొటోలు అప్పటికే ఒక్కొక్కటీ తీసి గుడ్డలో చుట్టేసింది. కుక్కది కూడా. గోడ మీద మళ్ళీ దండలవాళ్ళు ముగ్గురే మిగిలారు.

"ఈ ఒంటితో అంత దూరమా, తల్లీ?" అన్నాడు అప్పలసూరి. "దారిలో ఏదైనా అయితే?"

ఆ అమ్మాయి తిరిగి చూసింది. కోపం లేదు ఆ మొహంలో. అదే ఎక్కువ బాధేసింది ఆయనకి.

"మావా, నువ్వు భయపడ్డావు. నాకు తెలిసింది. నువ్వు సెడ్డవాడివి కాదు. కానీ నా బిడ్డ ఉంది. ఇక్కడ." పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఈ ఇంట్లో దానికి జాగా లేదు. జాగా లేని ఇంట్లో నేను కనలేను."

అని తలుపు వేసింది. దాలమ్మ ఆ గదిలోనే కింద పడుకుంది. అప్పలసూరి వీధరుగు మీద కూర్చున్నాడు. కదలకుండా ఉండాలన్న డాక్టరు మాట, రెండు రోజుల ప్రయాణం, ఏ ఊరో తెలియని ఆసుపత్రి, అవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. కొడుక్కి ఏం చెప్పాలి? జగ్గమ్మ ఉంటే ఏం చేసేది? ఎంత ఆలోచించినా మాటలు దొరకలేదు. తన దగ్గర ఉన్నవి తలుపు బయట కూర్చుని అన్న ఆ నాలుగే. అవీ అయిపోయాయి.

తెల్లారి మంచు విడవకముందే నరసింగరావు ఇంటికి వెళ్ళి అతన్ని లేపాడు. అటక మీది ముక్కలు ఇద్దరూ దించారు.

"ఇప్పడమూ నానే, బిగించడమూ నానే," అన్నాడు నరసింగరావు ఆవులిస్తూ. "ఏదో ఒకటి తేల్చుకో బావా." ఆ పైన అప్పలసూరి మొహం చూసి ఊరుకున్నాడు. తెల్లటి గదిలో, కిటికీ పక్కన, ఎక్కడ ఉండేదో అక్కడే ఉయ్యాల నిలబెట్టి బిగించాడు.

అప్పలసూరి వంటింట్లోకి వెళ్ళి సన్నికల్లు మీది పొత్రం తీశాడు. నూతి దగ్గర కూర్చుని పీచుతో తోమాడు. ఎన్నేళ్ళ కారమో, గీతల్లో ఎర్రగా ఉంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాడు. పసుపు రాశాడు. బొట్టు పెట్టాడు. ఆడవాళ్ళు చేసే పని. వేళ్ళు లావు, బొట్టు వంకరగా పడింది. పెట్టెలోంచి జగ్గమ్మ నేత చీర తీసి కొంగు చింపి, పొత్రాన్ని చుట్టి, రెండు చేతులా మోసుకొచ్చి ఉయ్యాలలో పడుకోబెట్టాడు. దాలమ్మ నడవలోంచి చూసింది. 'ఇరవై ఒకటో నాడు కదరా' అని నోటిదాకా వచ్చినా అనలేదు.

ఆ తర్వాత ఆయన ఉయ్యాల కటకటం మీద చెయ్యి వేశాడు. మెల్లగా తోశాడు. ఉయ్యాల బరువుగా, తిన్నగా, నేల మీద చప్పుడు చేస్తూ ఊగింది.

ఆ చప్పుడుకి జాందిరా వచ్చింది. చెప్పులేసుకుని, ప్రయాణం బట్టల్లో ఉంది. ఉయ్యాలలోకి వంగి చూసింది.

"ఏటిది, మావా?"

"రాయి," అన్నాడు. కాసేపటికి, "ఇంక ఖాలీ కాదు," అన్నాడు.

ఆమె చాలాసేపు ఆ చీరకొంగునీ, వంకర బొట్టునీ చూసింది. దూలానికి చేపల దారాలు తెగినవి తెగినట్టే వేలాడుతున్నాయి. వాటి వంక కూడా చూసింది. బయట వీధిలో కారు వచ్చి ఆగింది. హారను కొట్టింది.

అప్పలసూరి ఆమె మొహం వైపు చూడలేదు. మూలన మిగిలి ఉన్న నీలం డబ్బా మూత ఉలితో తీశాడు. కుంచె ముంచి, గోడ దగ్గర చతికిలబడి, సున్నం మీద పూయడం మొదలెట్టాడు. పూత ఎక్కడా సమంగా రాలేదు. కింద నుంచి పైకి, పైకి, కళ్ళు మసకేసినా ఆపకుండా పూసుకుపోతూనే ఉన్నాడు. హారను మళ్ళీ కొట్టింది.

"మావా," అంది వెనకనుంచి. "అంత పైకి కాదు. నడుం వరకే."

కుంచె ఆపాడు. లేచి, పురికొస వెతికి తెచ్చాడు. ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండోది తాను పట్టుకుని, గోడకి ఆ చివర వంగి నిలబడ్డాడు.